ముసలమ్మ కట్టని ఎండ్రకాయలు

దొరువుకుప్పంలో ముసలమ్మను చూడాలని వచ్చిన కొత్తవాళ్లు, తలనెరిసిన మనిషి ఎవరో కర్ర పొడుచుకుంటూ వస్తుందనుకునేవాళ్లు. వచ్చేది ముప్పై ఏళ్లయినా నిండని మనిషి. తనకంటే ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు దక్కకపోతే, ఈ బిడ్డన్నా ముసలిదయ్యేదాకా బతకాలని ముసలమ్మ తల్లికి మొక్కుకుని వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. పేరు పెట్టిన వేళ మంచిదే. మనిషి బతికింది. బతకడమే కాదు, కంటికి ఆనిన ప్రతిదాన్నీ "ఇదెందుకు ఇట్టుండాది?" అని అడిగే గుణం ఒకటి కూడా తెచ్చుకుంది. ఆ గుణం వల్ల చిన్నప్పుడు దెబ్బలు తిన్నది. పెళ్లయ్యాక మొగుడు పోలేరయ్య దండం పెట్టేవాడు.

దొరువుకుప్పం పులికాటు సరస్సుకు ఉత్తరపు కొసన ఉంది. ఊరికి పడమట సరస్సు, తూర్పున ఇసుకదిబ్బ దాటితే సముద్రం. ఈ రెంటినీ కలిపే సందును మొగ అంటారు. కార్తీకంలో వాన బాగా కురిసి ఏర్లు పొంగితే మొగ తెరుచుకుంటుంది. ఎండలు ముదిరేకొద్దీ ఇసుక మేటవేసి సన్నబడిపోతుంది. మగవాళ్లు సరస్సులో చేపలూ ఎండ్రకాయలూ పడతారు. అప్పటిదాకా ఎండ్రకాయ ఇంటికూర కిందే లెక్క. అమ్ముకునే సరుకు కాదు.

1957లో మద్రాసులో ఎండ్రకాయలకు గిరాకీ వచ్చింది. సూళ్లూరుపేట నుంచి జకరయ్య అనే కొనుగోలుదారు వచ్చి సరస్సు ఒడ్డున తాటాకు పాక వేశాడు. పట్టినవాళ్లు తెచ్చి పాకలో పోస్తే, బతికున్నవాటిని బతికున్నట్టే, కరిచే రెండు ముందుకాళ్లను, అంటే డెక్కలను కట్టి, బుట్టల్లో తడిగడ్డి మధ్య పేర్చి, పడవమీద ఆవలి ఒడ్డుకూ అక్కడినుంచి బండిమీద సూళ్లూరుపేట స్టేషనుకూ చేర్చాలి. కట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. కాలి బొటనవేలితో వీపు మీద అదిమి, రెండు డెక్కలూ ముందుకు మడిచి, గడ్డితాడు రెండు చుట్లు తిప్పి ముడివెయ్యాలి. రెప్పపాటు ఆలస్యమైతే వేలు పోతుంది. పాకలో ఆ పనికి కుదిరిన ముసలమ్మ కుడిచేతి చూపుడువేలు మొదటి నెలలోనే వంకరపోయింది. ఆ తరవాత ఏ ఎండ్రకాయకూ ఆమె చెయ్యి అందలేదు. రోజుకు రెండు వందలు కట్టినా చెమట పట్టేది కాదు.

పొద్దున్నే గడ్డి నానేసి, సన్నగా పేని, మూరన్నర చొప్పున ముక్కలు కోసి పక్కన పెట్టుకోవడం ఆమె అలవాటు. ముడి వేశాక రెండు వేళ్ల పొడుగు తోక మిగిలేది. దాన్ని కోసి పారేసేది.

నాలుగేళ్లు గడిచాక ఒకరోజు పని ముగించి లేవబోతూ, కాళ్ల దగ్గర పడున్న తునకలను చూసి ఆగిపోయింది. ఒకప్పుడు దోసెడు పడేవి. ఇప్పుడు చాటెడు ఉన్నాయి. ఒక తునక తీసి కొలిచింది. జానెడు.

"జకరయ్యన్నా, నేను తాళ్లు పొడుగ్గా కోస్తుండానా?"

జకరయ్య నవ్వాడు. "మూరతోనే గదమ్మా కోస్తావు. నీ చెయ్యేమన్నా పెరిగిందేమో చూసుకో."

ఆమె ఆ మాటను నవ్వులాటగా తీసుకోలేదు. ఇంటికెళ్లి, పెళ్లినాడు పెట్టిన గాజులు తొడుక్కుని చూసింది. సరిగ్గా సరిపోయాయి. చెయ్యి పెరగలేదు. అంటే ఎండ్రకాయలే తగ్గాయి. రోజూ చూసే కంటికి తెలియని సంగతి గడ్డిపోచకు తెలిసింది.

తగ్గితే ఎందుకు తగ్గాయి? పెద్దవాటిని పట్టేస్తున్నారు కాబట్టి చిన్నవి మిగిలాయా? అసలు ఎండ్రకాయ పెరగడానికి ఎన్నాళ్లు పడుతుంది? పోలేరయ్యను అడిగింది. ఇరవై ఏళ్లుగా ఎండ్రకాయలు పడుతున్న మనిషి, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి ఆలోచించాడు.

"నాకేం తెలుసు మే? దొరికినప్పుడు పట్టుకుంటాం. అది ఎప్పుడు పుట్టిందని దాన్నడుగుతామా?"

"పోనీ, యాడ పుడతాది?"

"బురదలో పుడతాది. అన్నం తిననీ."

పొరుగింటి మస్తానమ్మను అడిగితే, తల్లి కడుపు చీల్చుకుని పిల్లలు పుడతాయనీ తల్లి చచ్చిపోతుందనీ చెప్పింది. మస్తానమ్మ వితంతువు. పడవ లేదు, వల లేదు. మోకాటిలోతు బురదలో చేతులు పెట్టి బొరియల్లోని చిన్న ఎండ్రకాయలను లాగి తెచ్చి అమ్ముకునేది.

"అట్టయితే అక్కా, చచ్చిన తల్లుల చిప్పలు ఒడ్డున కుప్పలు పడుండాల గదా. నువ్వు ఎన్నడన్నా చూసినావా?"

మస్తానమ్మ తెల్లబోయింది. "పెద్దోళ్లు చెప్పినారు, నేను చెప్పినా. చిప్పలు నేనేడ ఎంచేది?"

ముసలమ్మను తొలిచేస్తున్న సంగతి ఇంకొకటుంది. పొట్ట కింద మూత సన్నగా ఉంటే పోతు, గుండ్రంగా వెడల్పుగా ఉంటే పెంటి. కార్తీకం వచ్చేసరికి పెంటిల చిప్ప లోపల ఎర్రటి గుడ్డు నిండుగా కనిపిస్తుంది. సముద్రపు చేపలు అమ్మేవాళ్లు మాత్రం, పొట్ట కింద మూత బయట గుత్తులుగా గుడ్లు మోసే ఎండ్రకాయలు తమ వలల్లో పడతాయని చెప్పుకునేవాళ్లు. ముసలమ్మ కొన్ని వేల పెంటిలను కట్టింది. గుడ్డు లోపల ఉన్నవాటిని చూసింది. బయట మోస్తున్నదాన్ని ఒక్కదాన్నీ చూడలేదు. మరి ఈ సరస్సులో పిల్లలు ఎక్కడినుంచి వస్తున్నాయి?

మొదట ఎదుగుదల సంగతి తేల్చుకుందామని, అరచేతిలో పట్టే ఎండ్రకాయనొకదాన్ని తెచ్చి పెరట్లో పగిలిన కాగులో ఉప్పునీళ్లు పోసి పెట్టింది. వీపును గడ్డిపోచతో కొలిచి, ఆ పోచను చూరులో దోపింది. రోజూ చేపతలలు వేసి, నీళ్లు మార్చేది. ఇరవై రోజులు గడిచినా వెంట్రుకవాసి పెరగలేదు. తరవాత తిండి మానేసింది. చచ్చిపోతుందేమోనని దిగులుపడింది. ఒకరోజు తెల్లవారి చూస్తే కాగులో రెండు ఎండ్రకాయలు! ఒకటి కదలడం లేదు. ముట్టుకుంటే ఖాళీ చిప్ప, కాళ్లూ డెక్కలతో సహా చెక్కుచెదరకుండా ఉంది. రెండోది పక్కన మెత్తగా, తడిపిన తోలులాగా పడి ఉంది. రెండు రోజులకు దాని వీపు గట్టిపడ్డాక కొలిచింది. పాత పోచకంటే రెండు వేళ్ల మందం పెద్దది.

"మామా, అది దినాం పెరగదు. చొక్కా విప్పినట్టు చిప్ప విప్పి ఒక్క పెట్టున పెరగతాది!" అని పోలేరయ్యను లాక్కొచ్చి చూపించింది. అతను ఖాళీ చిప్పను వెలుగుకు పెట్టి చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఇన్నేళ్లూ నీళ్లలో ఇలాంటివి తేలుతుంటే చచ్చినవనుకుని తోసేసేవాడు.

ఆ మరుసటి ఏడు, 1962లో, చేపల శాఖ నుంచి హెబ్రోను అనే కుర్ర ఉద్యోగి పాకకు వచ్చాడు. కాకినాడ వైపు మనిషి. చేతిలో ఇత్తడి కొలబద్ద, సంకలో నోటుపుస్తకం. కుప్పలోంచి ఒక్కొక్కటే తీసి కొలిచి రాసుకోబోయి, మొదటిదాని చేతే కరిపించుకున్నాడు. ముసలమ్మ దాని డెక్కను వెనక్కి నొక్కి విడిపించింది.

"ఈ పీతలు ఇంత పొగరుగా ఉన్నాయేంటండీ!" అన్నాడు వేలు చప్పరిస్తూ.

"పీతలంటే ఏంది సారూ?"

"ఇవేనండి."

"ఇవి ఎండ్రకాయలు. మీ ఊళ్లో అట్టంటారా? అదీ బాగానే ఉండాది."

హెబ్రోను చుట్టూ చూసి, "ఇదివరకు ఇక్కడ ఎంత సైజువి పడేవో చెప్పగలవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా దగ్గర పాత కొలతలేవీ లేవు" అన్నాడు. ముసలమ్మ మూరన్నర తాడు తీసి, ఎదుటి ఎండ్రకాయకు చుట్టి, మిగిలిన తోక చూపించింది. నేను పనిలో చేరినప్పుడు ఇంత మిగిలేది, ఇప్పుడు ఇంత మిగులుతోంది అని వేళ్లతో చెప్పింది. హెబ్రోను నోటుపుస్తకం మూసి కింద చతికిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం ఆమె కడుతుంటే అతను అడిగాడు, అతను కొలుస్తుంటే ఆమె అడిగింది.

"గుడ్లు బయట మోసే పెంటి ఈ చెరువులో ఎందుకు కనపడదు సారూ?"

"గుడ్లు పెట్టడానికి అవి సముద్రంలోకి పోతాయని పుస్తకాల్లో ఉందండి. ఇక్కడ కూడా అంతేనా అంటే, చూసి చెప్పినవాళ్లు ఎవరూ లేరు."

"చూస్తే పోలా?"

"ఎలా చూస్తారు? నీళ్లకింద వాటి వెనక నడవలేం కదా."

ముసలమ్మ రెండు రోజులు దాని గురించే ఆలోచించింది. మూడోనాడు పాత చీర ఎర్రంచు చింపి సన్నటి పేలికలు చేసింది. ఒకరోజు పట్టులోని గుడ్డు పెంటిలను తనకు ఇమ్మని పోలేరయ్యను అడిగింది. అతను గొణిగాడు, కసిరాడు, చివరకు ఇచ్చాడు. ముప్పై పెంటిలకు వెనక ఈతకాలి మొదట్లో ఎర్రపేలిక కట్టి, మొగకు ఆరు మైళ్ల దూరాన సరస్సు నడుమ వదిలిపెట్టారు. పేలిక ఉన్న ఎండ్రకాయ ఎవరికి దొరికినా ఎక్కడ దొరికిందో చెప్పి తనకు ఇవ్వాలని సరస్సు ఒడ్డు ఊళ్లకూ సముద్రం ఒడ్డు ఊళ్లకూ కబురు పంపింది.

జనం నవ్వారు. "ముసలమ్మ ఎండ్రకాయలకు పెండ్లి చేసి సారె పెట్టిందంట" అన్నారు. కానీ పట్టినప్పుడల్లా వెనక కాలు చూడడం మొదలుపెట్టారు. వారానికి ఒకటి వచ్చింది. మరో మూడు రోజులకు రెండు. నెల తిరిగేసరికి పదకొండు వచ్చాయి. పదకొండూ వదిలిన చోటికి తూర్పునే, మొగ దారిలోనే దొరికాయి. పడమట దొరికింది ఒక్కటీ లేదు.

నలభైరెండో రోజున సముద్రపు ఒడ్డు ఊరినుంచి ఒక చేపలావిడ తడిగుడ్డలో చుట్టి తెచ్చిన ఎండ్రకాయ వెనక కాలికి ఎర్రపేలిక ఉంది. ముసలమ్మ దాన్ని వెల్లకిలా తిప్పింది. పొట్ట కింద మూత తెరుచుకుని, నల్లటి గుడ్లు గసగసాల ముద్దలాగా ఉబికి ఉన్నాయి. దగ్గరగా చూస్తే ఒక్కో గుడ్డులో రెండు చుక్కలు.

"అవి కళ్లండి" అన్నాడు ఆ రోజు కొలతలకు వచ్చి ఉన్న హెబ్రోను మెల్లగా.

ఆమె దాన్ని కూరకు ఇవ్వలేదు. అప్పటికప్పుడు ఇసుకదిబ్బ దాటి సముద్రంలో వదిలి వచ్చింది. తిరిగొచ్చేసరికి హెబ్రోను ముఖం చిన్నబోయి ఉంది.

"ముప్పైలో పదకొండు మన వలల్లోనే పడ్డాయమ్మా. చెప్పకుండా వండుకున్నవాళ్లుంటే ఇంకా ఎక్కువే. అంటే పిల్లలు పెట్టడానికి పోయే తల్లుల్లో మూడింట ఒకదాన్ని దారిలోనే పట్టేస్తున్నారు."

మొగ దగ్గర కార్తీకంలో పెంటిలు గుంపులుగా దొరుకుతాయని మొదట కనిపెట్టింది ఎవరో ముసలమ్మకు తెలుసు. పోలేరయ్యే. ఆ చోటు అతని గొప్ప. ఇంటికెళ్లి చెప్పింది. అతను మొహం తిప్పుకున్నాడు. "నేను మానుకుంటే పక్కోడు పట్టడా?" అన్నాడు.

ఆ మాటకు జవాబు పాకలో దొరికింది. 1963 కార్తీకంలో ఒక పొద్దున ముసలమ్మ తన పీట మీద కూర్చుని, కుప్పలోంచి ఎర్రగుడ్డు పెంటిలను ఒక పక్కకు, జానెడుకు మించి తోక మిగిలే చిన్నవాటిని ఇంకో పక్కకు తోసేసి, మిగిలినవాటినే కట్టింది.

"అవి?" అన్నాడు జకరయ్య.

"అవి నేను కట్టనన్నా. కట్టేవోళ్లతో కట్టించుకో."

జకరయ్య ఇద్దరిని పిలిపించాడు. ఒకడి వేలు నలిగింది. రెండోవాడు కట్టినవి దారిలోనే ముళ్లు విప్పుకుని, ఒకదాని కాళ్లొకటి విరుచుకున్నాయి. కట్టని ఎండ్రకాయ మద్రాసు పోలేదు. ఆ సాయంత్రం బుట్టలు సగమే నిండాయి. ఊరు ఊరంతా పాక ముందు చేరింది. అందరికంటే ముందు వచ్చింది మస్తానమ్మ.

"మే ముసలీ! పెద్దవి పడవలోళ్లకు దొరకతాయి. నాకు దొరికేటివి చిన్నవే. వాటిని కట్టనంటే నా నోట మన్ను కొట్టినట్టు గాదా?"

ముసలమ్మ తల వంచుకుంది. రాత్రంతా తల్లి ఎండ్రకాయల గురించి ఆలోచించిన మనిషికి పక్కింటి మనిషి గుర్తు రాలేదు. సిగ్గేసింది. లేచి మస్తానమ్మ చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే అక్కా. నువ్వు చిన్నవాటిని పట్టుకో. అమ్మొద్దు. మన పెరట్లో కాగుల్లో ఒక్కోదాన్ని ఒక్కోదాంట్లో పెడదాం. ఒకే దాంట్లో పెడితే కొరుక్కోని చస్తాయి. చేపతలలు నేను పాకలోనుంచి తెస్తా. చిప్ప విప్పినాక నువ్వే అమ్ముకో. ఒక్కటి రెండుగా పలకతాది."

"అప్పుటిదాకా ఏం తినేది?"

ఊరి పెద్ద కామాక్షయ్య గొంతు సవరించుకున్నాడు. "అప్పుటిదాకా పడవలోళ్లు దినానికి ఒకరు వంతున ఆమెకు కూరా గింజలూ ఇస్తారు" అన్నాడు. తరవాత ముసలమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పేది నిజమైతే మంచిదే. నిజం గాకుంటే?"

"నాకూ తెలీదు పెదనాయనా. మూడేండ్లు చూద్దాం. మిగిలే తాడు తగ్గకపోతే మళ్లా అన్నీ కడతా."

తెలియదని ఒప్పుకోవడమే ఆమెకు మేలు చేసింది. అంతా తెలుసన్నట్టు చెప్పి ఉంటే ఆ జనం ఒప్పుకునేవాళ్లు కారు. కార్తీకం పుట్టింది మొదలు పుష్యం పోయేదాకా మొగకు కేకవేటు దూరంలో ఎవరూ పెంటిని పట్టకూడదని ఊరు కట్టు పెట్టుకుంది. మర్నాడు పోలేరయ్య మొగ దగ్గర తాను వల కట్టే గుంజలు తనే పీకి తెచ్చాడు.

మస్తానమ్మ కాగుల్లో సగం ఎండ్రకాయలు చచ్చాయి. మిగిలిన సగం బాగా పలికాయి. కట్టును దాటినవాళ్లూ ఉన్నారు. ఇద్దరికి జరిమానా పడింది. మూడోవాడు కామాక్షయ్య అల్లుడే కావడంతో ఊరంతా చూసీ చూడనట్టు ఊరుకుంది. అయినా 1965 నాటికి ముసలమ్మ కాళ్ల దగ్గర తునకలు సగానికి సగం తగ్గాయి.

హెబ్రోను సంబరపడిపోతాడనుకుంది. అతను బుర్ర గోక్కున్నాడు. "కిందటేడు వరద పెద్దది కదమ్మా. మొగ ఎప్పుడూ లేనంత వెడల్పుగా తెరుచుకుంది. మీరు పట్టకపోవడం వల్ల పెరిగాయో, నీళ్లు ధారాళంగా ఆడి పిల్లలు ఎక్కువగా లోపలికి వచ్చాయో! రెండూ ఒకేసారి జరిగాయి. విడదీసి చెప్పలేం."

ఆ మాటకు మిగతావాళ్లు అతన్ని తిట్టుకున్నారు. ముసలమ్మ మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. "అవును గదా! మొగ పూడిపోయిన ఏడు వస్తేనే తెలస్తాది" అంది.

ఆ ఏడు రానే వచ్చింది. మరుసటి కార్తీకంలో వాన పడలేదు. ఏర్లు పొంగలేదు. మొగకు అడ్డంగా వంద గజాల ఇసుక మేట గోడలాగా నిలిచింది. ఒకనాటి పొద్దున్నే పోలేరయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మే, వచ్చి చూడు! దారి లేక మేటకాడ ఒకదాని మీద ఒకటి ఎక్కుండాయి!"

వెళ్లి చూస్తే నిజమే. సరస్సు వైపు లోతులేని నీళ్లలో వందల పెంటిలు మేటకు ఆనుకుని ఉన్నాయి. కొన్ని ఇసుక మీదికి పాకి, ఎండ తగలగానే వెనక్కి జారుతున్నాయి. గంప పెట్టి తోడుకోవచ్చు. పది మంది మగవాళ్లు గంపలతోనే వచ్చి నిలబడ్డారు. కట్టు గుర్తుంది కాబట్టి ఎవరూ ముందుకు అడుగెయ్యలేదు. ఇట్లాంటి పట్టు జన్మకొకసారి దొరుకుతుంది కాబట్టి ఎవరూ వెనక్కీ పోలేదు.

మొదట నీళ్లలో దిగింది పోలేరయ్య. ఒక గంప నిండా తోడాడు. జనంలో గుసగుస లేచింది. అతను గంప నెత్తికెత్తుకుని ఊరివైపు కాకుండా తూర్పుకు తిరిగి, ఇసుక మేట మీదుగా నడిచిపోయి, సముద్రంలో మొలలోతుకు దిగి గంప వంచేశాడు. ముసలమ్మ రెండో గంప ఎత్తింది. మూడోది మస్తానమ్మది. ఆ తరవాత ఎవరిది ఎన్నోదో ఎవరూ చూసుకోలేదు. మధ్యాహ్నం దాకా ఆడామగా మేట మీద అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు. ఇసుక కాలి అరికాళ్లు బొబ్బలెక్కాయి. డెక్కలు కట్టని ఎండ్రకాయలు కాబట్టి కరవని చెయ్యి లేదు. జకరయ్య కూడా చొక్కా విప్పి నాలుగు గంపలు మోశాడు, మోసినంతసేపూ "మద్రాసు బండెక్కాల్సిన సరుకు, మద్రాసు బండెక్కాల్సిన సరుకు" అని అంగలారుస్తూ.

తల్లులు సముద్రం చేరాయి. మరి పిల్లలు తిరిగి రావాలంటే? ఆ సంగతి ముసలమ్మకు సాయంత్రం బొబ్బలకు ఆముదం రాసుకుంటుంటే తట్టింది. మర్నాడు కామాక్షయ్య దగ్గరికి పోయింది. మాఘంలో ఊరు ఊరంతా పారలు పట్టి మేటకు అడ్డంగా కాలువ తవ్వింది. రెండుసార్లు పూడింది. మూడోసారి పున్నమి పోటుకు నీళ్లు లోపలికి దూకాయి. వెడల్పు నాలుగు బారలకు మించలేదు.

1968 ఎండాకాలంలో తాళ్లు కొలిచారు. ఎండ్రకాయలు పెద్ద మార్పు లేకుండా అంతకుముందు ఏటిలాగే ఉన్నాయి. పెరగలేదు, అలాగని ఇదివరకు మొగ పూడిన ఏళ్లలో పడిపోయినట్టు పడిపోనూ లేదు. అది గంపలు మోసిన పుణ్యమా, కాలువ చలవా, నాలుగేళ్ల కట్టు ఫలమా? ముసలమ్మ వేళ్లమీద లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, మూడింటిలో ఏదనీ తేల్చలేకపోయింది. కట్టు మాత్రం ఎత్తేయవద్దని ఊరు తనంతట తనే అనుకుంది.

అప్పటికి హెబ్రోనుకు కాకినాడ బదిలీ అయింది. ఆ ఏడు చివర అతని దగ్గరినుంచి జాబు వస్తే జకరయ్య చదివి వినిపించాడు. అక్కడి జాలర్లు తనను ఒక ప్రశ్న అడిగారట. గుడ్డులోంచి వచ్చిన పిల్ల సముద్రంలో ఎన్నాళ్లు తిరుగుతుంది, తల్లి బతికిన చోటికే తిరిగొస్తుందా, వేరే చోటికి పోతుందా? తనకు తెలియలేదనీ, ముసలమ్మగారు ఏమంటారో కనుక్కుని రాయమనీ జాబులో ఉంది.

"ఏమని రాయమంటావు?" అన్నాడు జకరయ్య కాగితం తీసుకుని.

ముసలమ్మ చేతిలో ఎండ్రకాయ కాళ్లు ఆడిస్తోంది. ముడి వేసి బుట్టలో పెట్టి, తడిచేతులు చీరకు తుడుచుకుంది.

"నాకు తెలీదని రాయన్నా. గోరంత పిల్లకు గుర్తు ఎట్టా కట్టాలో ఆయనకేమన్నా తోచిందేమో, అది కూడా అడుగు."

జకరయ్య రాసుకున్నాడు. ఆమె అప్పటికే ఇంకో ఎండ్రకాయను వెల్లకిలా తిప్పి, దాని వెనక కాలి సన్నటి కొసను వేళ్లమధ్య పట్టుకుని పరీక్షగా చూస్తోంది.